తెరమీది నేరము, వీథిలోని తీర్పు

గతమాసమున మా కంచరపాలెము మెట్టు సమీపమున నొక వీథిలో జరిగిన చిన్న సంగతిని ముందుగా పాఠకులకు మనవి చేయుదుము. ఒక యింట సెల్ ఫోనొకటి పోయినది. ఎదుటి దుకాణమువారి కెమెరాలో గళ్లచొక్కా తొడిగిన యువకుడొకడు ఆ యింటి ముంగిట క్షణకాలము నిలిచి, తలవంచుకొని వెడలిపోయినట్లు కానవచ్చినది. గడియసేపటిలో ఆ చిత్రము వీథివారందరి వాట్సాపులకును పాకినది. మరి రెండు గడియలకు గళ్లచొక్కా యొకటి దొరకినది. శ్రీకాకుళము ప్రాంతమునుండి తాపీపనికి వచ్చిన పంతొమ్మిదేండ్ల కుఱ్ఱవాని ఒంటిమీద నది యుండెను. మేము కోర్టునుండి తిరిగివచ్చు వేళకు వానిని కరెంటుస్తంభమునకు కట్టి విచారణ సాగించుచుండిరి.

"నాను కాదు బాబూ, నాను పనికాడున్నాను" అని వాడు మొఱపెట్టుచుండెను. మేమెరిగిన యింటి బిడ్డయే, ఇంజనీరింగు చదువుచున్నవాడు, వాని గడ్డము పట్టి పైకెత్తి, గొంతు తగ్గించి, మెల్లగా, మర్యాదగా బెదరించుచుండెను. ఆ గొంతు ఆ బాలునిది కాదు. ఆ మర్యాదయు వానిది కాదు. అంతకు నాలుగునాళ్ల ముందు అరుగుమీద గుంపుగూడి వారు చూచిన నేరకథలో పోలీసు అధికారి నటించిన ఠీవి యది. మేమును ఆ కథను చూచియున్నాము గావున వెంటనే గుర్తుపట్టితిమి.

చూచియున్నామని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. ఓటీటీ యని లోకము పిలుచుచున్న ఈ అంతర్జాల ప్రదర్శనశాలలలో వెలువడు నేరకథామాలికలను మేము గత నాలుగైదేండ్లుగా చూచుచునే యున్నాము. ఒక భాగము ముగియగానే రెండవ భాగము దానంతటదియే మొదలగును. రాత్రి రెండుగంటలైనను విడువబుద్ధి పుట్టదు. మరునాడు కోర్టులో వాయిదా అడుగవలసిన దురవస్థయు నొకసారి కలిగినది. పూర్వము కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును అద్దెకు తెచ్చుకొని రాత్రికి రాత్రి చదివి మరునాటికి తిరిగి యిచ్చిన తరమువారు మా పెద్దలు. ఆ వ్యసనమే రూపు మార్చుకొని మాకు సంక్రమించినది. కావున ఈ కథలను చూచువారందరును చెడిపోవుచున్నారని వాపోవు ధర్మోపన్యాసకుల గుంపులో మమ్ము చేర్చవలదు.

వీనిలో మంచివి లేకపోలేదు. 2023 డిసెంబరులో అమెజాన్ ప్రైమునందు వెలువడిన 'దూత' మన విశాఖపట్టణపు కథయే. విక్రమ్ కె. కుమార్ దర్శకత్వమున నాగచైతన్య పత్రికారచయితగా నటించినాడు. కథ నడచుచున్నంతసేపును పట్టణముపై విడువని వాన. ఎక్కడనో దొరకిన వార్తాపత్రికతునుకలలో జరుగబోవు ఘోరము ముందే అచ్చయి యుండును; చదివినంతలో అది జరిగిపోవును. కలమును అమ్ముకొన్నవారే అందలి అపరాధులు. పత్రికలవారమైన మాకు ఆ కథ చెంప చెళ్లుమనిపించినది. ఇట్టి కథ తెలుగున వచ్చినందుకు సంతసించితిమి. అయినను ఒక్క సంగతి మనసును పీడించినది. తప్పుచేసిన పత్రికారచయితకు శిక్ష విధించునది అదృశ్యశక్తి. దాని యెదుట సంజాయిషీ లేదు, సాక్షి లేడు, అప్పీలు లేదు. దయ్యమునకు వకీలును ఎదురు నిలుపుట యెట్లని పాఠకులు నవ్వవచ్చును. దయ్యము దిగిపోయిన తరువాతను, మనుష్యులే పోలీసులుగా నటించు కథలలోను, పద్ధతి యిదియే కావున చెప్పుచున్నాము.

అదే సంవత్సరము ఆగస్టులో హాట్‌స్టారునందు వచ్చిన 'దయా' ఇంతకంటె మాకు నచ్చినది. బంగ్లాదేశమున పుట్టిన 'తక్దీర్' అను మాలికకు ఇది తెలుగురూపము. పవన్ సాదినేని కాకినాడ తీరమునకు దానిని చక్కగా అలవరచినాడు. మంచుపెట్టె బండి నడుపుకొను నిరుపేదకు తన బండిలో నొక స్త్రీ శవము కనబడును. వాడు హత్య చేయలేదు. అయినను ఠాణాకు పోడు. ఎందుకు పోడను ప్రశ్న చూచువారిలో నొక్కనికిని పుట్టదు! మన దేశమున శవమును చూచిన పేదవాడు పోలీసులకడకు పోవుటకంటె శవముతో తిరుగుటయే క్షేమమని తలచునని మనకందరకును తెలియును. జె.డి. చక్రవర్తి మాట తక్కువగా, భయమెక్కువగా ఆ పాత్రను నడిపినాడు. ఆ భయము సత్యము. తాడిపత్రి రాజకీయహత్యను ఇతివృత్తముగా గొన్న 'రెక్కీ' (2022) మొదలైనవానిలో కత్తులు పదునుగానే యున్నవి. వానినిగూర్చి ఇంతకుమించి చెప్పవలసినది లేదు.

ఇక దోషమెక్కడ? రక్తము చూపుటలో లేదు. బూతుమాటలలోను లేదు, అవి విసుగు పుట్టించినను. దోషము కథ చివర వచ్చు ఫ్లాష్‌బ్యాకులో నున్నది.

నేరకథ యెంత చిక్కుముడిగా నున్నను తుదకు కథకుడు తెర తొలగించి, "ఇదిగో, ఆ రాత్రి జరిగినదిది" యని చూపును. హంతకుని ముఖము కనబడును, కత్తి కనబడును, కారణము కనబడును. ఈ కథకుడెట్టి సాక్షి? ఎన్నడును అబద్ధమాడడు. వానిని ఎదురుపరీక్ష చేయు వకీలు లేడు. వానికి కండ్లజబ్బు లేదు, పగ లేదు, లంచము లేదు. ఇరువదియేండ్లుగా క్రిమినలు కోర్టులలో తిరుగుచున్నాము. ఇట్టి సాక్షి యొక్కడును మాకు బోనెక్కలేదు. మాకు దొరకునది చీకటిలో చూచితిననువాడు, చూచినదానిని మరచినవాడు, చూడనిదానిని చూచితిననువాడు. ఫ్లాష్‌బ్యాకునకు అలవడిన కంటికి కోర్టు ఒక జాప్యముగా, వకీలు ఒక అడ్డుగా, సాక్ష్యచట్టము దొంగల రక్షణకై వ్రాసిన గ్రంథముగా కనబడుటలో వింతయేమున్నది? నేరస్థుడెవడో తనకు ముందే తెలిసియుండగా విచారణ యెందుకని ప్రేక్షకుడు విసుగుకొనును. తెర ఆరిపోయిన తరువాతను వానికి "ముందే తెలిసిన" భావము పోదు. గళ్లచొక్కా కనబడగానే నేరస్థుడు దొరకినట్లే!

మరియొక ముచ్చట. ఈ కథలలో సగము ఠాణాలోని మూలగదిలో ముగియును. కథానాయకుడైన అధికారి బల్లపై గుద్దును, లేక నిందితునే గుద్దును, వాడు ఏడ్చుచు సర్వమును ఒప్పుకొనును, సంగీతము మ్రోగును, కథ సమాప్తము. మా వృత్తిలో కథ అక్కడ ప్రారంభమగును. ఏలయన, పోలీసు అధికారికడ చేసిన నేరాంగీకారమును నిందితునిపై రుజువుగా గైకొనరాదని 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షనే శాసించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును 23వ సెక్షనులో ఆ మాటనే నిలుపుకొన్నది. ఆ మాటల వలన ఒక వస్తువు బయటపడెనేని, ఆ వస్తువునకు సంబంధించినంత భాగమే చెల్లును. ఈ కట్టుబాటు దొంగలపై జాలితో పుట్టినది కాదు. 1855లో చెన్నరాజధానియందు హింసావిచారణసంఘమొకటి కూర్చుండి, రెవిన్యూ పోలీసు సేవకులు రైతులను ఏయే విధముల బాధించుచుండిరో నివేదించినది. మన విశాఖపట్టణము జిల్లాయు నాడు ఆ రాజధానిలోనిదే. దెబ్బకు ఒప్పుకొననివాడు లేడని తెలిసిన తరువాతనే ఈ దేశపు చట్టము అట్టి ఒప్పుదలకు విలువ తీసివేసినది. తెరమీది అధికారి గంటసేపు చెమటోడ్చి సంపాదించిన విజయము మొదటి వాయిదాలోనే చెత్తబుట్ట పాలగును. ఆ సంగతి చూపువారు అరుదు.

ఈ మధ్య నొక తల్లి, తన కొమరునిపై ఎవరో చేసిన దాడికేసులో, "అవతలివానికి ఆ సూదిమందు వేయించి నిజము కక్కించరాదా, బాబుగారూ? సీరియలులో వేసినారు" అని మమ్మడిగినది. సమ్మతిలేక అట్టి పరీక్ష చేయరాదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పినదని నచ్చజెప్పితిమి. ఆమె మమ్ము చేతగాని వకీలని తలచినట్లు చూపులే చెప్పినవి.

నేరకథయన్నంత మాత్రమున ఇట్లే యుండవలెనా? నూరేండ్లకు పూర్వమే మన తీరమున ఒక నేరకథ వెలసినది. దానిని హాస్యనాటకమని చదువుకొని నేరకథయని గుర్తింపమైతిమి. గురజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడినది. అందు ముసలి లుబ్ధావధాన్లు డబ్బిచ్చి కొన్న పెండ్లికూతురు మాయమగును. ఆమెను చంపినాడని అతనిపై ఖూనీనేరము పైబడును. కేసు విశాఖపట్టణమునకు వచ్చును. చంపబడిన ఆ పిల్ల ఎవరు? ఆడువేషము వేసిన మహేశము! కరటకశాస్త్రి శిష్యుడు, మొలత్రాడుగల మగపిల్లవాడు. లేని కన్యకు లేని ఖూనీ. ప్రేక్షకులకు ఈ గుట్టు మొదటినుండియు తెలియును. ఫ్లాష్‌బ్యాకుతో పనిలేదు. అయినను ఇక్కడ ప్రేక్షకుని తెలివి నేటి కథలలోవలె అతనిని గర్వపరుపదు. వణకు పుట్టించును. తనకింత తెలిసియున్నను, అక్కడ ఉరికంబము సిద్ధమగుచుండుట చూచి వణకును. ఒక మనుష్యుడు లేని నేరమునకు ఎంత సులభముగా పట్టుబడునో అతడు చూచును.

లుబ్ధావధాన్లు సజ్జనుడు కాడు. డబ్బుపెట్టి పసిపిల్లను కొన సిద్ధపడిన పిసినిగొట్టు ముసలి. వానికొరకు ఎవడును కన్నీరు కార్చడు. అట్టివానికి సౌజన్యారావు పంతులు వకాల్తీ పట్టినాడు! సత్యమును తెచ్చి యిచ్చినది ఎవరు? ఊరివారు తలుపు తెరువని వేశ్య, మధురవాణి, అదియు మగవేషమున. న్యాయమను నది ఇట్టి త్రోవలబడి వచ్చునని గురజాడవారికి తెలిసినంతగా నేటి మాలికాకర్తలకు తెలిసినట్లు లేదు. మధురవాణి ఒక్క రాత్రి ఆలస్యము చేసినను లుబ్ధావధాన్ల గతి యేమి? వానిని "తప్పించుకొనిపోవుచుండగా" దారిలోనే కాల్చి యుండినచో మహేశము గోచి బిగించి వచ్చి నిలుచుండినను ఏమి లాభము?

ఈ ప్రశ్న వేడుకకు వేయుటలేదు. 2019 నవంబరు 27 రాత్రి హైదరాబాదు వెలుపల నొక పశువైద్యురాలిపై జరిగిన ఘోరమును తెలుగువాడెవడును మరువజాలడు. 'దిశ' యని పేరుపెట్టి ఆమెకొరకు దేశమంతయు విలపించినది. నలుగురు పట్టుబడిరి. డిసెంబరు 6 తెల్లవారుజామున, షాద్‌నగరము చెంత చటాన్‌పల్లికడ, వారు నలుగురును పోలీసుల తుపాకులకు కూలిరి. తొమ్మిదిదినములలో కథ ముగిసినది, సరిగా తెరమీదివలెనే. జనులు పోలీసులపై పూలు చల్లిరి, మిఠాయిలు పంచుకొనిరి. మా పట్టణమునను సంతసింపనివారు తక్కువ. మా బార్ అసోసియేషనులోనే పెదవి విప్పుటకు మాకు జంకు కలిగినదనుట నిజము. పిదప సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కరుగారి విచారణసంఘము నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చినది. చంపవలెనను ఉద్దేశముతోడనే కాల్పులు జరిగినవనియు, చనిపోయినవారిలో ముగ్గురు నేరమునాటికి పదునెనిమిదేండ్లు నిండని బాలురనియు, పదిమంది పోలీసు ఉద్యోగులను ఖూనీనేరమునకు విచారింపవలెననియు ఆ సంఘము చెప్పినది. నివేదిక తీర్పు కాదు. ఆ ఉద్యోగులును విచారణలేక దోషులు కారు. వారు ఆ నలుగురకును ఇయ్యని హక్కును మేము వారికి కోరుచున్నాము.

ఆ నలుగురే దోషులా? కావచ్చును. ఆ మాట చెప్పవలసిన చోటు మాత్రము మూతపడినది, ఎప్పటికిని. ఒకవేళ వేరొకడు కూడ నుండియుండినచో వాడు ఆ పూలజల్లులో తానును ఒక పిడికెడు చల్లి యింటికి పోయియుండును.

ఇందుకు ప్రతిగా ఒక మాట వినబడును. అది ఉపేక్షింపదగినది కాదు. 2012 డిసెంబరునాటి ఢిల్లీ దారుణముపై నెట్‌ఫ్లిక్స్‌లో 2019న వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' మొదటిభాగము మా యెరుకలో ఈ జాతి కథలన్నిటికిని మేలైనది. కొట్టి చెప్పించుటకంటె వెదకి పట్టుటలోని శ్రమను, నిద్రలేని ఉద్యోగులను, పెట్రోలుకు డబ్బు చాలని ఠాణాను అది చూపినది. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమానమును అందుకొన్నది. ఆ కేసులో కోర్టులు సక్రమముగా విచారించినవి. 2013లో క్రిందికోర్టు శిక్ష వేసినది. ఉరి అమలైనది 2020 మార్చి 20న. అందరి కన్నులు నిలిచియున్న కేసుకే ఏడేండ్లు! ఎవరి కన్నును పడని కేసు మాటేమి? చటాన్‌పల్లిలో పూలు చల్లిన చేయి ఈ జాప్యమువలన విసిగిన చేయి. వాయిదాలకు అలవడిన మేము, వకీలులము, ఆ విసుగులో మా పాలును కాదనలేము. జడ్జీలు చాలరు, సాక్షులను కాపాడు ఏర్పాటు చాలదు, ప్రయోగశాల నివేదికకు నెలలు పట్టును. ఈ రోగమును చూపి, రోగిని కాల్చివేసినవానికి పూలదండ వేయు కథలే మాకు రుచింపవు.

కత్తెర పెట్టుడని మేము కోరుటలేదు. 1908లో స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చెరసాలకు పంపిన కాలము తెలుగు పత్రికలవారికి మరపునకు రాదు. 2021లో కేంద్రప్రభుత్వము ఈ ప్రదర్శనలకు వయోవిభాగములను, ఫిర్యాదుల మెట్లను ఏర్పరచినది; అవి చాలును. మేము కోరునది కథకుని ధైర్యము. ఠాణాలోని మూలగది తరువాత మేజిస్ట్రేటు గది యున్నది. పట్టుబడినవానిని ఇరువదినాలుగు గంటలలో అక్కడికి తేవలెనని రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది. ఆ గంటలలో ఏమి జరుగునో చూపువాడు లేడా? ఉత్కంఠ కావలెనన్న, తిరుగబడిన సాక్షి ముఖమునకంటె ఉత్కంఠ యెక్కడ?

మరియు నేరమనగా కత్తియేనా? కంచరపాలెమున ఉపాధికల్పనకార్యాలయ మున్నది. ఐటీఐ, పాలిటెక్నికు చదివి పేరు నమోదు చేయించుకొన్న యువకులు మా వీథులలో కోకొల్లలు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, రుసుము గుంజుకొని, మన ప్రాంతపు యువకులను విమానమెక్కించి, అక్కడ సైబరుమోసముల కొట్టములలో నిర్బంధించి, తోడి భారతీయులనే ఫోనులో మోసగింప జేసిన వ్యాపారమును 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులే బయటపెట్టిరి. కొందరిని తిరిగి రప్పించిరి. ఈ కథలో బంధితుడే దొంగ, దొంగయే బంధితుడు. మోసపోయిన ముసలమ్మకు ఫోనుచేసినది మరియొక తల్లి కన్నబిడ్డ. ఏ సెక్షను క్రింద ఎవరిని నిలుపవలెనో తలపండిన వకీలులకే చిక్కు. ఇందు రక్తపుచుక్క లేదు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' తీసినపుడు వెంకటేశ్ మహా మా వీథిజనులనే నటులుగా నిలిపి లోకమును మెప్పించినాడు. అట్టివాడెవడైన ఒకడు ఆ ఉపాధికార్యాలయపు మెట్లమీదినుండి ఈ కథ నెత్తుకొనిన, రాత్రి రెండుగంటలవరకు మేల్కొనుటకు మేము సిద్ధము.

కుఱ్ఱవాని సంగతి ముగింపలేదు. మేము కట్లు విప్పించి, మేస్త్రీని పిలిపించితిమి. ఫోను పోయిన వేళకు వాడు అక్కయ్యపాలెమున మూడవ అంతస్తుపై సిమెంటు మోయుచుండెనని మేస్త్రీయు తోడి కూలీలును చెప్పిరి. దుకాణపు కెమెరా చిత్రము కోర్టులో చెల్లవలెనన్న 63వ సెక్షను ధ్రువపత్రము కావలెనని మేము చెప్పబోగా ఇంజనీరింగు బాలుడు, "ముఖము కనబడుచున్నది కదా, సార్" అన్నాడు. ముఖము కనబడుటలేదు, మేము రెండుమారులు చూచితిమి. నాలుగవనాడు ఆ ఫోను ఇంటివారి చుట్టమువద్దనే దొరకినది. ఆ చుట్టమును ఎవరును స్తంభమునకు కట్టలేదు. కుఱ్ఱవాడు మాత్రము మరునాడే ఊరికి పోయినాడు. పదిదినముల కూలి మేస్త్రీకడ నిలిచియున్నది. పంపుదమన్న వాని ఫోను పలుకుటలేదట. గళ్లచొక్కా చిత్రమింకను మా వీథివారి వాట్సాపులో, "దొంగను గుర్తుపట్టండి" అను శీర్షికతో, అట్లే యున్నది.